ఉక్కు కోటల రూపశిల్పి కోటిన్‌

బన్సీలాల్‌పేట్‌: ట్యాంకు అనగానే జంటనగరాల వాసులకు ముందుగా స్ఫురించేది నీరే. ట్యాంక్‌బండ్‌ మనకు దగ్గరిదే. బన్సీలాల్‌పేట్‌కైతే 2022లో పూడిక తొలగించి పునరుద్ధరించిన మెట్లబావి ఉండనే ఉంది. యుద్ధశకటానికి ట్యాంకు అనే పేరు రావడంలోనూ నీటి ప్రమేయమే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వారు రహస్యం పొక్కకుండా తాము నీటితొట్లు తయారు చేస్తున్నట్లు ప్రచారం చేశారు. ఆ మారుపేరే స్థిరపడిపోయింది.

ఆ మెట్లబావికి కూతవేటు దూరంలోని ఒక మేడగదిలో, ఈ వ్యాసకర్త బల్లపై సోవియట్‌ భారీ ట్యాంకు ఐఎస్‌-2 నమూనా కొద్దికొద్దిగా రూపుదిద్దుకుంటోంది. అసలు ట్యాంకులో ఇది 35వ వంతు. 46 టన్నుల ఉక్కు ఇక్కడ అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్‌. పదిమీటర్లకు కాస్త తక్కువైన పొడవు 28 సెంటీమీటర్లకు, 122 మిల్లీమీటర్ల ఫిరంగి రంధ్రం మూడున్నర మిల్లీమీటర్లకు కుదించుకుపోయాయి. చట్రం నుంచి ముక్కలను కత్తిరించి, అంచులను గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతకాలి. పక్కకు ఆరేసి పెద్దచక్రాలు, వాటిపై మూడేసి చిన్నచక్రాలు. నున్నని ప్లాస్టిక్‌ను అలాగే వదిలేస్తే అబద్ధమవుతుంది. ఫిరంగిని మోసే గోపురం పోతపోసిన ఉక్కుది కనుక, జిగురు పూసి బ్రష్షుతో పొడిచి గరుకుదనం తేవాలి. ఆ గరుకుదనం వెనుక ఉన్న వ్యక్తి జోసెఫ్‌ యాకొవ్లెవిచ్‌ కోటిన్‌. ఆ ఇంటిపేరులో మన చెవికి కోట వినిపించడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైనది.

29 ఏళ్లకే సారథ్యం

కోటిన్‌ 1908లో నేటి ఉక్రెయిన్‌లోని పావ్లోగ్రాద్‌లో జన్మించారు. యౌవనారంభంలోనే కర్మాగారంలో పనిచేసి, ఖార్కొవ్‌లో, అనంతరం లెనిన్‌గ్రాద్‌ సైనిక సాంకేతిక అకాడమీలో చదివి 1932లో పట్టభద్రులయ్యారు. 1937లో లెనిన్‌గ్రాద్‌ కిరోవ్‌ కర్మాగారంలో ట్యాంకుల రూపకల్పన విభాగానికి అధిపతిగా నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయసు 29 సంవత్సరాలు.

ఆనాటి సైనికాధికారుల దృష్టిలో భారీ ట్యాంకు అంటే నేలపై నడిచే యుద్ధనౌక. ఎన్ని గోపురాలుంటే అంత బలమని భావించేవారు. కోటిన్‌ బృందం రూపొందించిన ఎస్‌ఎంకే ట్యాంకుకు మొదట మూడు గోపురాలు. 1938 చివర మాస్కోలో పెద్దల సమావేశానికి దాని చిన్న నమూనాను తీసుకువెళ్లారు. స్టాలిన్‌ ఒక గోపురాన్ని స్వహస్తాలతో తీసి పక్కన పెట్టారని, ఆ బరువును కవచానికి మళ్లించమన్నారని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. కథలో ఎంత భాగం నిజమో గానీ, నమూనాలు చేసే ప్రతివారికీ ఇది ప్రీతిపాత్రమైన ఘట్టం. ఎస్‌ఎంకే రెండు గోపురాలతో తయారైన మాట మాత్రం వాస్తవం.

కోటిన్‌ బృందం అక్కడితో ఆగలేదు. ఒకే గోపురం గల మరో ట్యాంకునూ సమాంతరంగా సిద్ధం చేసింది. రక్షణ మంత్రి క్లిమెంట్‌ వొరొషిలొవ్‌ పేరిట దానికి కేవీ అని నామకరణం చేశారు. 1939 డిసెంబరులో ఫిన్లాండ్‌ యుద్ధరంగంలో రెండింటినీ పరీక్షించగా ఎస్‌ఎంకే మందుపాతరకు చిక్కి నిలిచిపోయింది. అదే నెల 19న కేవీకి ఆమోదం లభించింది. దాని రూపకల్పనలో సింహభాగం నికొలాయ్‌ దుఖొవ్‌దని ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. అధిపతికి దక్కిన కీర్తి సహచరులకు దక్కలేదు.

పెట్టెలో లేని గేరుబాక్సు

1941 జూన్‌లో జర్మన్లు దండెత్తినప్పుడు వారి ట్యాంకు నిరోధక ఫిరంగులలో అధిక భాగం కేవీ కవచాన్ని ఛేదించలేకపోయాయి. లిథువేనియాలోని రసెయ్‌నియాయ్‌ వద్ద ఒంటరి కేవీ ఒకటి జర్మన్‌ ఆరవ పాంజర్‌ డివిజన్‌ దళానికి ఒక రోజుకు పైగా దారి అడ్డగించింది. అదే ఏడాది సెప్టెంబరులో కోటిన్‌కు సోషలిస్టు శ్రమ వీరుడు బిరుదు లభించింది.

అయితే ఆ వేసవిలో శత్రువు గుండుకు కూలిన కేవీలతో పాటు, దారిలో మొరాయించి సిబ్బంది వదిలేసినవీ అసంఖ్యాకం. గేరుబాక్సు అంత భారాన్ని తట్టుకోలేకపోయేది. క్లచ్చి పాడయ్యేది. వంతెనలు కుంగిపోయేవి. కిట్‌ పెట్టెలో కవచం, ఫిరంగి, చక్రాలు అన్నీ ఉంటాయి. గేరుబాక్సు మాత్రం ఉండదు. కోటిన్‌ జీవితంలోని చేదు అధ్యాయమంతా ఆ కనిపించని పెట్టెలోనే ఉంది.

యుద్ధం మొదలైన కొద్ది వారాలకే ఆయన ఉరల్‌ ప్రాంతంలోని చెల్యాబిన్‌స్క్‌కు తరలివెళ్లి, ట్యాంకు పరిశ్రమ ఉపమంత్రి బాధ్యతనూ మోశారు. భారీ ట్యాంకులు తేలికపాటి టీ-34ల వెంట నడవలేకపోతున్నాయని 1942లో రణరంగం నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆ ఆగస్టులో ఆయన కర్మాగారంలోనే టీ-34ల ఉత్పత్తి ఆరంభమైంది. తన సృష్టి ఉనికే ప్రశ్నార్థకమైన ఆ దశలో బృందం కవచాన్ని కొంత పలుచన చేసి, బరువును 42.5 టన్నులకు తగ్గించి, షష్‌మూరిన్‌ రూపొందించిన కొత్త గేరుబాక్సును అమర్చింది. అదే కేవీ-1ఎస్‌.

జర్మన్‌ టైగర్‌ రాకతో భారీ ట్యాంకుకు మళ్లీ ప్రాధాన్యం వచ్చింది. 1943 అక్టోబరు 31న ఐఎస్‌-2 ఆమోదం పొందింది. ఐఎస్‌ అంటే ఇయోసిఫ్‌ స్టాలిన్‌. రూపకర్త పేరూ జోసెఫే! 122 మిల్లీమీటర్ల ఫిరంగికి గుండ్లు 28 మాత్రమే పట్టేవి. గుండు వేరుగా, మందు వేరుగా దట్టించాల్సి రావడంతో నిమిషానికి రెండు మూడు సార్లకు మించి పేల్చడం కష్టం. అయినా 1945లో బెర్లిన్‌ వీధుల్లోకి అవే ప్రవేశించాయి. గోపురం చుట్టూ తెల్లపట్టీ వేయడానికి నమూనాకారులు ఉవ్విళ్లూరేది అందుకే.

యుద్ధానంతరం 68 టన్నుల ఐఎస్‌-7ను రూపొందించినా అది సైన్యంలోకి చేరలేదు. అడవుల్లో దుంగలు లాగే కేటీ-12 ట్రాక్టరు, 1960లలో పొలాలు దున్నిన కిరోవెత్స్‌ కె-700 ట్రాక్టరు మాత్రం విస్తారంగా తయారయ్యాయి. ఈ రెండూ కోటిన్‌ బృందం కృషే.

గరీబ్‌పూర్‌లో పిప్పా

భారతీయులకు కోటిన్‌ చేరువైంది భారీ ట్యాంకు ద్వారా కాదు, 14 టన్నుల పీటీ-76 ద్వారా. ఆయన నాయకత్వాన రూపొంది 1952లో సోవియట్‌ సైన్యంలో చేరిన ఈ తేలికపాటి ట్యాంకు నీటిపై తేలుతూ నదులు దాటుతుంది. ఖాళీ నెయ్యి డబ్బాలా తేలుతుందని మన జవాన్లు దానికి పంజాబీలో పిప్పా అని పేరు పెట్టుకున్నారు. 1971 నవంబరు 21న తూర్పు పాకిస్థాన్‌లోని గరీబ్‌పూర్‌ వద్ద 45వ కావల్రీకి చెందిన 14 పిప్పాలు పాకిస్థాన్‌ షఫీ ట్యాంకుల దళాన్ని చిత్తు చేశాయి. దళనాయకుడు మేజర్‌ దల్జీత్‌ సింగ్‌ నారగ్‌ ఆ పోరులోనే అమరులై మహావీర చక్రకు ఎంపికయ్యారు. పలుచని కవచం గల ట్యాంకులో ఎదురుకాల్పుల మధ్య నిలబడటం ఎంత సాహసమో, ఐఎస్‌-2 మందపాటి ముఖభాగాన్ని అతికించినవారికి సులభంగానే అర్థమవుతుంది.

1968లో మాస్కోలో రక్షణ పరిశ్రమల ఉపమంత్రి పదవి చేపట్టిన కోటిన్‌, 1972 వరకు అందులో కొనసాగారు. 1979 అక్టోబరు 21న లెనిన్‌గ్రాద్‌లో కన్నుమూశారు.

బన్సీలాల్‌పేట్‌ మేడగదిలో ఐఎస్‌-2కు ఇక ఆకుపచ్చ రంగు, తెల్లపట్టీ మిగిలాయి. దాని తరువాత బల్లపైకి వచ్చేది పీటీ-76. దానికీ పక్కకు ఆరేసి చక్రాలే. పైవరుస చిన్నచక్రాలు మాత్రం లేవు.