యేసు జీవితం: చరిత్ర ఎంతవరకు చెప్పగలదు?



గుడ్ ఫ్రైడే సెలవుకు ముందు రోజు సెవెన్త్ క్లాస్‌లో టైమ్‌లైన్ గీయిస్తున్నాను. యేసు క్రీస్తు పుట్టిన చోట బోర్డు మీద క్రీ.పూ. 4 అని రాయగానే ఒక పాప చెయ్యి ఎత్తింది. క్రీస్తు పుట్టక ముందే క్రీస్తు ఎలా పుట్టారు మిస్ అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే వెనక బెంచీ బాబు, అసలు ఆయన ఉన్నారని ఎవరు చూశారు, అదంతా కథే కదా అన్నాడు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే ఇంకో బాబు ముఖం చిన్నబోయింది. ఇద్దరూ నా వైపే చూశారు. క్లాసులో మతం గురించి మాట్లాడొద్దని చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వెళ్లాక అది సరైన జవాబు కాదనిపించింది. ఇద్దరిలో ఎవరికీ నేను న్యాయం చేయలేదు. సెలవు తర్వాత క్లాసులో చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పాప ప్రశ్న. క్రీస్తు శకాన్ని లెక్కపెట్టడం యేసు పుట్టిన రోజున మొదలు కాలేదు. ఆ తర్వాత ఐదు వందల ఏళ్లకు పైగా గడిచాక, 525లో, డయోనిసియస్ అనే సన్యాసి ఆ లెక్క కట్టారు. అందులో కొన్నేళ్ల తేడా వచ్చింది. హేరోదు రాజు బతికి ఉండగానే యేసు పుట్టారని మత్తయి సువార్త చెబుతుంది. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అందుకే యేసు పుట్టుకను క్రీ.పూ. 6, 4 సంవత్సరాల మధ్య పెడతారు.

ఆయన పెరిగింది గలిలయ ప్రాంతంలోని నజరేతు అనే చిన్న పల్లెలో. వడ్రంగి పని చేసేవారు. మాట్లాడిన భాష అరామిక్. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో యోర్దాను నది దగ్గర యోహాను చేత బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత గలిలయ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లు తిరుగుతూ బోధించారు. మొదటి శిష్యుల్లో కొందరు చేపలు పట్టేవాళ్లు. విత్తనాలు, గొర్రెలు, పులిసిన పిండి లాంటి రోజూ కనిపించే వాటితో కథలు చెప్పేవారు. అందరూ దూరం పెట్టే పన్ను వసూలుదారులతో కలిసి భోజనం చేసేవారు. ఆయన తన చేత్తో రాసిన పుస్తకం ఒక్కటీ లేదు. చివరికి పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి, దేవాలయంలో డబ్బు మార్చేవాళ్ల బల్లలు పడదోశారు. కొద్ది రోజుల్లోనే పట్టుబడ్డారు. రోమన్ అధికారి పొంతి పిలాతు ఆజ్ఞతో ఆయనను శిలువ వేశారు. అది క్రీ.శ. 30లో గానీ 33లో గానీ జరిగి ఉంటుందని పండితులు చెబుతారు.

ఇక వెనక బెంచీ బాబు ప్రశ్న. ఎలా తెలుసు? పిల్లల చేత నోట్‌బుక్‌లో మూడు ప్రశ్నలు రాయించాను. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్లకు ఎలా తెలిసింది?

రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు క్రైస్తవులంటే గిట్టదు. ఆయన కూడా 116 ప్రాంతంలో రాస్తూ, తిబెరియస్ చక్రవర్తి కాలంలో పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేయించాడని నమోదు చేశారు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ 93 ప్రాంతంలో రాసిన గ్రంథంలో యేసు ప్రస్తావన రెండు చోట్ల ఉంది. వాటిలో ఒక చోట తర్వాతి కాలపు క్రైస్తవులు కాపీ చేసేటప్పుడు పొగడ్తలు కలిపారని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఫ్రెండ్ నోట్స్ కాపీ చేస్తూ మన సొంత లైను కలిపినట్టే అన్నాను. పిల్లలకు వెంటనే అర్థమైంది. 1961లో కైసరయ శిథిలాల్లో పిలాతు పేరు, హోదా చెక్కిన రాయి దొరికింది. యేసు ఉన్నారన్న విషయంలో ఈనాటి చరిత్రకారుల్లో దాదాపు అందరూ ఏకీభవిస్తారు. కాబట్టి ఆయన కేవలం కథ కాదు.

అన్నిటికన్నా కష్టమైనది పునరుత్థానం. దీని గురించి మనకు దొరికే అతి పాత రాత పౌలుది. యేసు మరణించిన పాతికేళ్లలోపే ఆయన కొరింథులోని విశ్వాసులకు ఉత్తరం రాస్తూ, తిరిగి లేచిన యేసును చూసినవారి జాబితా ఇచ్చారు. పేతురు, యాకోబు పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లిద్దరినీ పౌలు స్వయంగా కలిశారు. అంతకు ముందు ఆయన క్రైస్తవులను హింసించిన మనిషి. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధిని మొదట చూసింది స్త్రీలే. ఆ రోజుల్లో స్త్రీల సాక్ష్యానికి అంత విలువ ఉండేది కాదు, కల్పించేవాళ్లు అలా రాస్తారా అని కొందరు పండితులు అడుగుతారు.

మరోవైపు, సమాధి దగ్గర ఎవరెవరు ఉన్నారు, ఎవరు కనిపించారు అన్న వివరాలు నాలుగు సువార్తల్లో నాలుగు రకాలుగా ఉన్నాయి. యేసు లేచిన క్షణాన్ని కళ్లారా చూశామని వాటిలో ఎవరూ చెప్పలేదు. టాసిటస్, జోసెఫస్ ఇద్దరూ ఆ సంఘటన తర్వాత పుట్టినవాళ్లే.

ఆయన్ను మళ్లీ సజీవంగా చూశామని శిష్యులు నిజంగా నమ్మారు. ఇంతవరకు ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. వాళ్లు చూసిందేమిటి అన్న దగ్గర దారులు చీలుతాయి. దుఃఖంలో కలిగిన దర్శనాలని కొందరంటారు. దేవుని కార్యమని విశ్వాసులంటారు. దాన్ని తేల్చే శాసనం గానీ, ఎముక గానీ తవ్వకాల్లో దొరికేది కాదు. చరిత్ర అక్కడ ఆగుతుంది. అది ఆగిన చోట విశ్వాసం తప్పని రుజువైనట్టు కాదు, ఒప్పని రుజువైనట్టూ కాదు.

క్లాసు అయ్యాక వెనక బెంచీ బాబు, అయితే నేను సగమే తప్పు కదా మిస్ అన్నాడు. అడగడం తప్పు కాదు, అడగకుండా కథే అని తేల్చేయడం తప్పు అన్నాను. చర్చికి వెళ్లే బాబు మాత్రం, సువార్తల్లో తేడాలు ఎందుకున్నాయో ఇంట్లో అడుగుతానన్నాడు. తన విశ్వాసాన్ని కించపరిచినట్టు వాడికి అనిపించలేదు. నాకు అదే ఊరట.

మీ ఇంట్లో ఏ దేవుడి పటం ఉన్నా, ఒక రోజు మీ పిల్లలు ఇలాంటి ప్రశ్నే అడుగుతారు. కోప్పడి నోరు మూయించకండి, నవ్వి కొట్టిపారేయకండి. ఆ మూడు ప్రశ్నలూ వాళ్లతో కలిసి మీరూ వేసుకోండి. ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి మనం నమ్ముతున్నాం అని ధైర్యంగా చెప్పండి. ఆ గీత ఎక్కడుందో తెలిసిన పిల్లలు పక్క బెంచీ పిల్లల నమ్మకాన్ని ఎగతాళి చేయరు.