న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

ఇటీవల మా తరగతిలో ఒక బాలుడు మమ్మొక ప్రశ్న యడిగెను. మెదడు లోపలి చిత్రములు తీయు యంత్రములు వచ్చియున్నవి గదా. నేరము చేసినవాని మనస్సు నవియే చూపగలిగినచో సాక్షులును న్యాయాధిపతులును ఎందులకని యాతని సందేహము. ప్రత్యుత్తరముగా మేమొక యాంధ్ర ప్రముఖుని జీవితము చెప్పితిమి. విడవలూరి పిల్లలును తల్లిదండ్రులును చదువుటకై దానినే యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

శ్రీ కోకా సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున ఒక న్యాయవాది యింట జన్మించిరి. ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రులై, చెన్నపట్టణమున లా చదివి, అచ్చటనే న్యాయవాదవృత్తి నవలంబించిరి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తులైరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసినపుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి వీరే. అంతదాక చెన్నపట్టణపు హైకోర్టునకు పోవుచుండిన మన నెల్లూరు జిల్లా అప్పీళ్లు నాటినుండి గుంటూరునకు పోసాగెను. 1958లో వీరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులైరి.

అచ్చట 1962లో ఖరక్ సింగు కేసు తీర్పునకు వచ్చెను. బందిపోటు నేరము మోపబడి, సాక్ష్యము చాలక విడువబడిన యతనిపై ఉత్తర ప్రదేశపు పోలీసులు నిఘా యుంచి, రాత్రులందు ఇల్లు సోదాచేయుచుండిరి. ఆ రాత్రి రాకపోకలు మాత్రమే చెల్లవని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారు వేఱొక న్యాయమూర్తితో గూడి, ఆ నిఘా యంతయు చెల్లదనిరి. ఏకాంతము వ్యక్తిస్వాతంత్ర్యమునకు అంగమనియు, కాళ్లకు సంకెల లేకున్నను ఎల్లవేళల కనిపెట్టుచుండు కన్ను మనస్సును బంధించుననియు వారి భావము.

1964లో మఱియొక కేసు వచ్చెను. గుజరాతునందు ఒకడు రాత్రివేళ గది గడియవేసికొని తన భార్యను కత్తితో పొడిచి చంపెను. ఆ సమయమున తనకు మతిస్థిమితము లేదని మొఱపెట్టుకొనెను. మతిచాంచల్యముచేత తానేమి చేయుచున్నాడో, అది తప్పో ఒప్పో తెలియజాలనివాని చేత నేరము కాదని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను తెలుపుచుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సూత్రమే 22వ సెక్షను.

సుబ్బారావుగారు వ్రాసిన తీర్పు నేటికిని మార్గదర్శకము. చూడవలసినది నేరము జరిగిన సమయమునందలి మనఃస్థితి. అది ముందును, అప్పుడును, వెనుకను నడచిన నడవడినిబట్టి తెలియవలెను. ముద్దాయి తన యున్మాదమును నిస్సందేహముగా రుజువుచేయ నక్కఱలేదు. సంభావ్యత చూపిన చాలును. అంతయు చూపలేకపోయినను, అతడు తెలిసియే చేసెనా యను విషయమున సహేతుకమైన సందేహము పుట్టినచో విడుదల చేయవలసినదే. అయినను ఆ ముద్దాయి పక్షమున అట్టి సాక్ష్యము కనబడలేదు; అప్పీలు కొట్టివేయబడెను.

1966లో వీరు భారత ప్రధాన న్యాయమూర్తులైరి. 1967 ఏప్రిలులో పదవి వదలి, రాష్ట్రపతి యెన్నికలో జాకీర్ హుస్సేను గారిపై నిలిచి యోడిపోయిరి. 1976 మే నెలలో పరమపదించిరి.

వారి భావములు వారితో పోలేదు. ముద్దాయి సమ్మతి లేక మత్తుమందిచ్చి ప్రశ్నించుటయు, తలపై తీగలమర్చి మెదడు తరంగములు కొలుచుటయు రాజ్యాంగవిరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఏకాంతము ప్రాథమిక హక్కని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు తీర్మానించి, 1962 నాటి సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమే సరియైనదనిరి.

ఇక బాలుని ప్రశ్న. యంత్రము తీసిన చిత్రము, తీసిననాటి మెదడును చూపును. కణితియో గాయమో కనబడినచో వైద్యుని సాక్ష్యమునకు బలము కలుగును. కాని నెలల క్రిందట, కత్తి యెత్తిన క్షణమున, ఆ మనుష్యుడేమి యెఱిగియుండెనో అది చెప్పజాలదు. దానిని ఇరుగుపొరుగువారి మాటయు, పూర్వపు వైద్యుని చీటియు కలిసి చెప్పవలెను.

కావున తల్లిదండ్రులారా, ఇంట నెవరికైన మతి చలించినచో గాలి సోకెనని దాచకుడు. వైద్యునికి చూపుడు, చీటీలు భద్రపఱచుడు. విద్యార్థులారా, అట్టివారు వీధిలో కనబడినచో రాళ్లు రువ్వకుడు. ఒకనాడు వారి పక్షమున నిజము చెప్పవలసిన సాక్షులు మీరే కావచ్చును.