దొరాబ్జీ టాటా: ఉక్కుతో పాటు ఒలింపిక్ సంఘం

జంషెడ్‌పూర్ వెళ్లే తెలుగువారు దిగేది టాటానగర్ స్టేషన్‌లో. పక్కనే పర్సుడీహ్. 1919 వరకు ఈ స్టేషన్ పేరు కాలీమాటి. టాటాల గౌరవార్థం ఆ ఏడాదే స్టేషన్ పేరు మారింది, సాక్చి గ్రామం జంషెడ్‌పూర్ అయింది. అదే 1919లో దొరాబ్జీ టాటా పుణెలో మరో పనికి పునాది వేస్తున్నారు.

జంషెట్జీ టాటా పెద్ద కుమారుడైన దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నప్పుడే ఆటల మీద మక్కువ పెంచుకున్నారు. 1904లో తండ్రి పోయాక ఉక్కు కర్మాగారం బాధ్యత ఆయన మీద పడింది. 1907లో కంపెనీ ఏర్పడింది, 1912లో తొలి ఉక్కు బయటికొచ్చింది. కొత్త ఊళ్లో ఫుట్‌బాల్, హాకీ మైదానాలకు చోటు వదలాలన్నది తండ్రి కోరిక. బెల్డీ, గోల్మురీ గోల్ఫ్ కోర్సులు ఉన్న నేటి జంషెడ్‌పూర్‌కు ఆ ఆలోచనే మూలం.

పుణెలోని దక్కన్ జింఖానా పోటీల్లో పల్లెటూరి యువకులు బూట్లు లేకుండా పరుగెత్తడం ఆయన చూశారు. వారి వేగం అంతర్జాతీయ స్థాయికి మరీ దూరంగా లేదనిపించింది. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌కు అథ్లెట్లు, మల్లయోధులతో చిన్న జట్టు వెళ్లింది. ఖర్చులో పెద్ద వాటా దొరాబ్జీదే. పతకం రాలేదు. అదే ఏడాది ఆయన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యారు.

ఒక ధనవంతుడి అభిరుచి మీద ఎంపికలు ఎంతకాలం నడుస్తాయి? రాష్ట్రాల్లో సంఘాలు, వాటి పోటీలు, అక్కడి నుంచి జాతీయ జట్టు అనే వరుస కావాలి. మద్రాసు వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపకుడు హెచ్.సి. బక్, అదే సంస్థకు చెందిన నోరెన్ ఆ పనికి తోడయ్యారు. 1924 పారిస్ జట్టుకు ఢిల్లీలో అఖిల భారత పోటీలు పెట్టి ఆటగాళ్లను ఎంచారు. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడింది. తొలి అధ్యక్షుడు దొరాబ్జీ.

ఇదంతా తీరుబడిగా చేసిన పని కాదు. 1924లో ఉక్కు కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. భార్య మెహర్‌బాయి జూబిలీ వజ్రంతో సహా సొంత ఆస్తిని తాకట్టు పెట్టి, ఇంపీరియల్ బ్యాంకు నుంచి కోటి రూపాయల అప్పు తెచ్చి ఆయన దాన్ని నిలబెట్టారు.

1928లో ఆయన అధ్యక్ష పదవి వదిలారు. పాటియాలా మహారాజు భూపిందర్ సింగ్ ఆ స్థానంలోకి వచ్చారు. ఆపై 1975 దాకా ఆ కుర్చీ పాటియాలా రాజకుటుంబాన్ని దాటలేదు. స్థాపకుడు ఏడాదిలో ఇచ్చేసిన పదవి ఒకే ఇంట్లో దాదాపు అర్ధ శతాబ్దం ఉండిపోయింది. ఎన్నికల వివాదంతో 2012 డిసెంబరులో అంతర్జాతీయ కమిటీ ఈ సంఘాన్ని సస్పెండ్ చేసింది. 2014 ఫిబ్రవరిలో గానీ ఆ వేటు తొలగలేదు.

గోల్ఫ్ కథ వేరేమీ కాదు. 1955లో ఏర్పడిన ఇండియన్ గోల్ఫ్ యూనియన్ పని నియమాల అమలు, జాతీయ పోటీల నిర్వహణ, దేశానికి ఆడే జట్టు ఎంపిక. 2024 డిసెంబరులో దానికి ఒకే రోజు రెండు చోట్ల ఎన్నికలు జరిగి, ఇద్దరు అధ్యక్షులు తేలారు. ఇలాంటి తగాదాల్లో నలిగేది జట్టులో చోటు కోసం ఎదురుచూసే ఆటగాడే. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ఒక బోర్డును, వివాదాలకు ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేయమంటోంది.

మెహర్‌బాయి 1931లో మరణించారు. ఆమె సమాధిని చూడటానికి ఇంగ్లండ్ బయల్దేరిన దొరాబ్జీ, 1932 జూన్ 3న జర్మనీలోని బాడ్ కిసింగెన్‌లో కన్నుమూశారు. లండన్ దగ్గరి బ్రూక్‌వుడ్‌లో ఆమె పక్కనే ఆయన సమాధి ఉంది. వారికి పిల్లలు లేరు. ఆస్తంతా ఆయన ముందే ట్రస్టుకు రాసిచ్చారు. జూబిలీ వజ్రం అమ్మిన డబ్బు కూడా ఆ ట్రస్టుకే చేరింది. డబ్బునైనా పదవినైనా సంస్థకు అప్పగించి పక్కకు తప్పుకోవడం ఆయనకు తెలుసు. మన క్రీడా సంఘాలు ఆయన ఫొటోకు దండ వేస్తే చాలదు, ఈ ఒక్క అలవాటు నేర్చుకోవాలి.