లెడ్‌విల్‌లో టేబర్ వారి ఇల్లు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ, పదివేల అడుగులకు పైబడిన ఎత్తులో లెడ్‌విల్ అనే గనుల ఊరున్నది. ఆ ఊరి ఈస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లో 1877లో కట్టిన ఒక చెక్క ఇల్లున్నది. ఇంటి యజమాని హోరేస్ టేబర్ వెండి గనులతో కోటీశ్వరుడై పేరుమోసినవాడు. ఆయన రెండవ భార్య బేబీ డో కథను 1956లో ఆపెరాగా కూడా ప్రదర్శించారు. కాని ఆ సంసారాన్ని ఇరవై ఏళ్ళకు పైగా ఈదుకొచ్చినది మొదటి భార్య అగస్టా. ఈ ప్రత్యేక సంచికలో ఆమె గురించి నాలుగు మాటలు మన సభ్యుల ముందుంచుతున్నాను.

అగస్టా 1833లో మెయిన్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రికి రాతి పని వ్యాపారం. ఆయన వద్ద పనికి చేరిన రాళ్ళు చెక్కే యువకుడే హోరేస్. 1857 జనవరిలో ఇద్దరికీ వివాహమైంది. వెంటనే కాన్సస్‌లో సేద్యానికి వెళ్ళారు. అదే ఏడు కుమారుడు మాక్సీ పుట్టాడు. సేద్యం అంతంతమాత్రం. ఇంతలో పశ్చిమాన కొండల్లో బంగారం దొరికిందని వార్త పాకింది. 1859లో చంటిబిడ్డను వెంటబెట్టుకుని ఎడ్ల బండి కట్టుకుని బయలుదేరారు.

భర్త బంగారం వెతుకుతూ కొండలెక్కితే, అగస్టా గుడారంలో రొట్టెలు కాల్చి అమ్మింది, డబ్బు పుచ్చుకుని భోజనాలు పెట్టింది, తోలుకొచ్చిన ఆవుల పాలు అమ్మింది. ఆ చలికాలం గడిచింది ఆ సొమ్ముతోనే. 1860 వసంతంలో కాలిఫోర్నియా గల్చ్ అనే లోయకు చేరేసరికి, ఆ మగవాళ్ళ శిబిరంలో అడుగుపెట్టిన మొదటి స్త్రీలలో ఆమె ఒకతె. ఆమె వచ్చిందన్న సంతోషంతో గనివాళ్ళంతా చేయి వేసి పచ్చి దుంగలతో ఒక గుడిసె కట్టిపెట్టారు. ఆ కొండల్లో వారి మొదటి ఇల్లు అదే.

ఆ గుడిసె పూటకూళ్ళ ఇల్లూ అయింది, చాకలి పని స్థలమూ అయింది. బంగారు రజను తూచే త్రాసు కూడా ఆమె చేతికే వచ్చింది. అక్కడ చలామణీ నాణెం కాదు, రజనే. తూకంలో గింజంత తేడా వచ్చినా తగవు తప్పదు. ఖజానా కార్యాలయాల్లో నగదు లెక్కలు చూసిన మనవాళ్ళకు ఆ బాధ్యత ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. కొన్నిసార్లు బంగారాన్ని దుస్తులలో దాచుకుని, గుర్రం మీద డెన్వర్ దాకా తానే చేర్చిందట. ఆడమనిషిని దొంగలు సోదా చేయరని భర్త ఆలోచన!

తరువాత పదిహేనేళ్ళూ అంగడి, పోస్టాఫీసు, పూటకూలి భోజనం. బంగారం తరిగిపోయింది. కాని ఇన్నాళ్ళూ గనివాళ్ళు విసుక్కుంటూ పారబోసిన బరువైన నల్లమట్టిలో సీసంతో కలిసి వెండి ఉన్నదని తేలింది. దానితో లెడ్‌విల్ పుట్టింది. టేబర్ దంపతులు 1877లో అక్కడ హారిసన్ అవెన్యూలో ఇల్లు కట్టుకున్నారు. మరుసటి ఏడు హోరేస్ ఆ ఊరికి మొదటి మేయరయ్యాడు.

అదే 1878లో ఇద్దరు జర్మన్లు హోరేస్ అంగడికి వచ్చి, దొరికినదానిలో మూడోవంతు ఇస్తామని సరుకు అరువడిగారు. మొదటి విడత సరుకు విలువ 17 డాలర్లని చెబుతారు. వాళ్ళు తవ్విన చోట లిటిల్ పిట్స్‌బర్గ్ గని బయటపడింది. ఏడాది తిరక్కుండా హోరేస్ తన వాటాను పది లక్షల డాలర్లకు అమ్మి, 1,17,000 డాలర్లకు మ్యాచ్‌లెస్ గని కొన్నాడు. లెఫ్టినెంట్ గవర్నరూ అయ్యాడు. హారిసన్ అవెన్యూ ఖరీదైన వ్యాపార వీధిగా మారటంతో 1879లో ఆ చెక్క ఇంటిని ఇల్లుగానే లేపి, ఇప్పుడున్న వీధికి తరలించారు. అదే సంవత్సరం నవంబరు 20న ఆ అవెన్యూలో టేబర్ ఆపెరా హౌస్ తెరిచారు.

ఇల్లు జరిగినట్టే ఇల్లాలినీ జరిపేశాడు. డెన్వర్‌లో పెద్ద భవనం కొన్నా, ఆ ఆడంబరం అగస్టాకు రుచించలేదు. ఖర్చు తగ్గించమని చెప్పే భార్య ఆయనకు చేదైంది. 1880లో వేరుపడ్డాడు. 1883 జనవరిలో, ఆమెకు ఇష్టం లేకపోయినా, విడాకులయ్యాయి. మార్చి 1న వాషింగ్టన్‌లో బేబీ డోతో వివాహం. అధ్యక్షుడు ఆర్థర్ కూడా హాజరయ్యాడు. అప్పటికి హోరేస్ సెనేటరు, ఆ పదవీ నెల రోజుల ముచ్చటే.

అగస్టా తనకు వచ్చిన ఆస్తిని జాగ్రత్తగా పెట్టుబడి పెట్టుకుంది. భవనంలో అద్దెకున్నవారిని పెట్టుకుంది, పాత అలవాటు! 1893లో ప్రభుత్వం వెండి కొనుగోలు చట్టాన్ని రద్దు చేయగానే హోరేస్ సంపద కుప్పకూలింది. ఆమెది నిలిచింది. కొడుకు నిర్వహించిన బ్రౌన్ ప్యాలెస్ హోటల్లో కొంతకాలం ఉండి, 1895 జనవరి 30న కాలిఫోర్నియాలో కన్నుమూసింది. హోరేస్ 1898లో డెన్వర్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగంలో చేరి, మరుసటి ఏడు పోయాడు. బేబీ డో మ్యాచ్‌లెస్ గని పక్క గుడిసెలో ముప్పై అయిదేళ్ళు ఒంటరిగా గడిపి, 1935 మార్చిలో చలికి గడ్డకట్టి కనిపించింది.

అగస్టా సంసారం చేసిన ఆ చెక్క ఇల్లు ఇప్పటికీ ఫిఫ్త్ స్ట్రీట్‌లోనే ఉన్నది. ఆపెరా హౌస్ కూడా హారిసన్ అవెన్యూలో నిలిచే ఉన్నది.