ప్రయోగశాలను పల్లెకు నడిపించిన నాయుడమ్మ

పెద్దపల్లి: బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం... పెద్దపల్లి జిల్లా పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి ఇవే. అర్ధశతాబ్దం క్రితం ఈ నేల ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, శాస్త్ర విజ్ఞానం ఇక్కడి తోలు పనివారికి, చేతివృత్తులవారికి, చిన్న రైతులకు ఏ మేరకు ఉపయోగపడగలదో పరీక్షించి చూడాలని సంకల్పించిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

రైతుబిడ్డ ఎంచుకున్న దారి

గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రులో 1922 సెప్టెంబరు 10న రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, తోళ్ల శుద్ధి రంగాన్ని ఎంచుకున్నారు. తోలు పనిని అంటరాని పనిగా చూసే సమాజంలో, రైతు కుటుంబం నుంచి వచ్చిన పట్టభద్రుడు ఆ దారి పట్టడం సాహసమే. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగి వచ్చి, మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థలో చేరారు. 1958లో దానికి డైరెక్టర్ అయ్యారు.

లంద వద్దకు విజ్ఞానం

పరిశోధన పత్రాలకే పరిమితమైనా ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతికి లోటుండేది కాదు. ఆయన దృష్టి మాత్రం లంద వద్ద నిలబడి పనిచేసే మనిషిపై పడింది. చనిపోయిన పశువు చర్మం ఒలిచేటప్పుడు కత్తి గాటు పడితే తోలు ధర పడిపోతుంది. వేళకు ఉప్పు పట్టించకపోతే కుళ్లిపోతుంది. ఆ నష్టం చివరకు పేదవాని కూలిలోనే కోత పెడుతుంది. పచ్చి తోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు విదేశాలకు తరలిపోతే, చెప్పులు, సంచులుగా మారినప్పుడు వచ్చే అసలు లాభం పరాయి దేశాలకే దక్కుతుంది. ఈ వాస్తవాలను గ్రహించిన నాయుడమ్మ పరిశోధనకు శిక్షణను జోడించి, పరిశ్రమకు, పనివారికి సంస్థ తలుపులు తెరిచారు.

కరీంనగర్‌పై దృష్టి

1971లో ఆయనను పద్మశ్రీ వరించింది. అదే ఏడాది శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ బాధ్యతలు చేపట్టారు. దేశంలోని పలు జాతీయ ప్రయోగశాలలు ఆయన అధీనంలోకి వచ్చాయి. ఆ దశలోనే ఒక జిల్లాను తీసుకొని, అక్కడి వనరులను, అవసరాలను ముందుగా లెక్కగట్టి, వాటికి తగిన పరిజ్ఞానాన్ని అందించే ప్రయత్నానికి కరీంనగర్ జిల్లా వేదికైంది. ఏ సాంకేతికత చేతిలో ఉందో చూసి దానిని గ్రామంపై రుద్దడం కాక, గ్రామానికి ఏది కావాలో తెలుసుకొని దానికై ప్రయోగశాలను కదిలించడం ఈ ప్రయత్నంలోని విశేషం. అప్పటికే రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం వెలిసింది. గోదావరిఖనిలో బొగ్గు తవ్వకాలు సాగుతున్నాయి. భారీ పరిశ్రమ ఒకవైపు, దాని వెలుగు సోకని పల్లెలు మరోవైపు ఉన్న ప్రాంతమిది.

ఒక్క పథకంతో జిల్లా దశ మారిపోలేదు. లందలు కనుమరుగయ్యాయి. తోలు పని చేసే కుటుంబాలు చాలావరకు ఆ వృత్తికి దూరమయ్యాయి. అయితే జిల్లాను ఒక ప్రమాణంగా తీసుకొని విజ్ఞానాన్ని ప్రజావసరాలకు అనుసంధానించాలన్న ఆలోచనకు ఈ నేల సాక్షిగా నిలిచింది.

విషాదాంతం

1977లో ఆ పదవిని వీడిన నాయుడమ్మ, 1981-82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరానికి సమీపంలో బాంబు పేలుడుకు గురైంది. అందులోని 329 మందీ మరణించారు. వారిలో 62 ఏళ్ల నాయుడమ్మ ఒకరు.

2016 అక్టోబరు 11న పెద్దపల్లి ప్రత్యేక జిల్లాగా అవతరించింది. సెంటినరీ కాలనీలో ఇంజినీరింగ్ కళాశాల వెలిసింది. బొగ్గుగని కార్మికుల పిల్లలు ఎందరో సాంకేతిక విద్య అభ్యసించి నగరాలకు తరలిపోతున్నారు. ఆ చదువు పుట్టిన ఊరికి ఎంత మేరకు తిరిగి చేరుతున్నదన్నది నాయుడమ్మ జీవితం ఈ జిల్లా ముందు ఉంచిన ప్రశ్న.