కిరీటము ధరింపని రాజు: ఆలివరు క్రాంవెలు

లండను నగరమున పార్లమెంటు భవనము చెంత, ఒక చేత ఖడ్గమును వేరొక చేత బైబిలును పట్టి నిలిచిన కంచు విగ్రహ మొకటి కలదు. అది ఆలివరు క్రాంవెలుది. 1895లో దానికై ప్రజాధనమునుండి సొమ్ము మంజూరు చేయవలసినదని మంత్రివర్గమువారు కోరగా ఐరిష్ సభ్యులు భగ్గుమనిరి, ప్రతిపాదనము సాగలేదు. తుదకు ప్రధానమంత్రిగా నుండిన రోజ్‌బరీ ప్రభువు స్వంత ధనముతో 1899లో విగ్రహము నిలిచినది. చనిపోయి రెండువందల ముప్పది యేండ్లు దాటిన పిదప కూడ చట్టసభలో ఇంత కలహము రేపగలిగిన మనుష్యుని చరిత్రము మరల నొకసారి తలపోయదగినదని మా యభిప్రాయము. సభను కాపాడుటకు కత్తి దూసినవాడును, అదే సభను సైనికులచేత వెళ్ళగొట్టించినవాడును ఒక్కడే యెట్లయ్యెను?

క్రాంవెలు 1599 ఏప్రిలు 25వ తేదీన హంటింగ్డను పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్సు కళాశాలయందు చేరిన మరుసటి యేడే తండ్రి గతించుటచే చదువు మాని యిల్లు చేరెను. నలువదియేండ్ల వయసు వచ్చువరకు పొలము పనులు చూచుకొను సామాన్య గృహస్థు. 1628లో మొదటిసారి పార్లమెంటు సభ్యు డయ్యెను. సభ సమ్మతి లేక పన్ను వేయరాదనియు, కారణము చూపక యెవ్వరిని బంధింపరాదనియు రాజుచేత ఒప్పించుకొన్న హక్కుల విజ్ఞాపనము ఆ సభ చేసినదే. మరుసటి సంవత్సరమే మొదటి చార్లెసు రాజు ఆ సభను పంపివేసి, పదునొకండేండ్లు సభ యన్న మాటయే లేకుండ నేలెను. పన్నులు మాత్రము మానలేదు. నౌకాపన్ను క్రింద ఇరువది షిల్లింగు లీయనని జాన్ హాంప్‌డను న్యాయస్థాన మెక్కగా, పన్నెండుగురు న్యాయాధిపతులలో ఏడుగురు రాజు పక్షమే పలికిరి. ఈ హాంప్‌డను క్రాంవెలుకు మేనత్త కొడుకు. పాఠకులు ఈ ఇరువది షిల్లింగులను జ్ఞాపకముంచుకొన వలెను.

1640లో రాజు విధిలేక సభను పిలిచెను. ఆ నవంబరులో క్రాంవెలు సభలో చేసిన తొలి పనులలో నొకటి, జాన్ లిల్‌బర్ను అను యువకుని పక్షమున మనవి సమర్పించుట. అనుమతి లేని పుస్తకములను దేశములోనికి తెప్పించెనని స్టార్ ఛాంబరు న్యాయస్థానము వానిని లండను వీథులలో కొరడాలతో కొట్టించి చెరలో పెట్టియుండెను. సభ వానిని విడిపించినది. ఈ పేరు కూడ మరల వచ్చును.

1642లో యుద్ధము మొదలైనది. నలువది మూడేండ్ల వయస్సున, యుద్ధవిద్య యెరుగని ఈ గృహస్థు గుఱ్ఱపు దండును కూర్చుకొని, కులమును గాక గుణమును చూచి నాయకుల నేర్పరచెను. 1644లో మార్‌స్టన్ మూరునందును, 1645లో నేజ్‌బీ యందును రాజు సైన్యము విరిగిపోయినది. యుద్ధముల వర్ణన మిక్కడ ననవసరము. గెలిచిన సైన్యము 1647లో పట్నీ గ్రామపు చర్చిలో సభ తీర్చి తా మెందులకు పోరాడితిమని చర్చించినదే ముఖ్యము. సామాన్య సైనికులు తమకును ఓటు కావలెననిరి. ఆస్తి లేనివారికి ఓటు ఎట్లని క్రాంవెలు అల్లుడు ఐర్‌టను వాదించెను. క్రాంవెలు అధ్యక్షత వహించి చర్చను ఎటూ తేలనీయలేదు. రెండేండ్లకు అవే కోరికలతో కొందరు సైనికులు తిరుగబడగా బర్‌ఫర్డు చర్చి గోడచెంత ముగ్గురిని కాల్పించిరి. విప్లవము తన బిడ్డలమీద తుపాకి గురిపెట్టుటకు రాజు తల తెగిన నాలుగు మాసములు చాలినవి.

రాజు శిరచ్ఛేదము 1649 జనవరి 30న జరిగెను. మరణశాసనము మీద ఏబది తొమ్మండుగురు వ్రాలు చేసిరి, మూడవది క్రాంవెలుది. ఆ తీర్మానము చేసిన సభ పూర్ణసభ కాదు. 1648 డిసెంబరులో కర్నల్ ప్రైడు తలుపుకడ నిలిచి తమకు గిట్టని సభ్యులను లోనికి పోనీయలేదు. తక్కిన చరిత్రమునకు బీజము అచ్చటనే పడినదని మేము తలంతుము.

అటుపిమ్మట ఐర్లండు. 1649 సెప్టెంబరులో డ్రోగెడా కోట పట్టుబడిన పిదప లోబడిన సైనికులను, మతగురువులను, పౌరులలో కొందరిని చంపించిరి. వేలకొలది ప్రాణములు పోయినవి. దీనిని దైవతీర్పుగా అతడు సమర్థించుకొనెను. అతని యితర గుణములను పొగడువారెవ్వరును ఈ యొక్కటి తుడిచివేయజాలరు. 1895 నాటి ఐరిష్ సభ్యుల కోపము వట్టి కోపము కాదు.

1653 ఏప్రిలు 20న, మిగిలియున్న సభ తన పదవీకాలమును గూర్చిన బిల్లు చర్చించుచుండగా, క్రాంవెలు సైనికులను పిలిచి సభ్యులను వెళ్ళగొట్టించి, అధికారచిహ్నమైన గదను ఎత్తివేయించెను. చార్లెసు రాజు 1642లో అయిదుగురు సభ్యులను పట్టుకొనవచ్చి రిక్తహస్తములతో మరలెను. క్రాంవెలు పనిని పూర్తిగ చేసెను. తరువాత ఏరి కూర్చిన భక్తుల సభ యొకటి అయిదు మాసములలో అధికారమును అతనికే అప్పగించినది. డిసెంబరు 16న అతడు రాష్ట్రసంరక్షకు డయ్యెను.

న్యాయము చెప్పవలెనన్న, ఈ సంరక్షకుడు మూర్ఖుడు కాడు, లోభి కాడు. ప్రొటెస్టెంటులలోని పలు శాఖలను వారి వారి తీరున ప్రార్థించుకొననిచ్చెను. 1290లో వెడలగొట్టబడిన యూదులు తిరిగి ఇంగ్లండున వసించుటకు 1656 నాటికి దారి తెరచెను. 1657లో తూర్పుయిండియా కంపెనీకి క్రొత్త పట్టా యిచ్చినవాడును ఇతడే. దామెర్ల నాయకులు చెన్నపట్టణమున కోటకు స్థల మొసగి అప్పటికి పదునెనిమిదేండ్లు. ఆ కోటలోని గుమాస్తాల భవిష్యత్తు సుదూర లండనులో ఒక రైతుగృహస్థు వ్రాలుతో నిలిచినది.

ఇక ఇరువది షిల్లింగుల కథకు వత్తము. జార్జి కోనీ అను లండను వర్తకుడు, సభ అంగీకరింపని సుంకము చెల్లింపనని నిరాకరించెను. సంరక్షకుని యాజ్ఞయే శాసనమన్నారు, జరిమానా విధించిరి, ఈయకున్న చెరలో పెట్టిరి. 1655లో అతడు విమోచనమునకై న్యాయస్థాన మెక్కెను. మేనార్డు, ట్విస్‌డను, విండ్‌హాము అను ముగ్గురు న్యాయవాదులు, ఏ యధికారముచే ఈ పన్ను వేయబడినదని ప్రశ్నించిరి. ఈ మేనార్డు రాజు మంత్రియైన స్ట్రాఫర్డుపై అభియోగము నడపిన సభాపక్షపు వాడే. క్రాంవెలు ముగ్గురిని లండను టవరు చెరకు పంపెను. హాంప్‌డను న్యాయవాదుల జోలికి చార్లెసు రాజు పోలేదు. వాదించువారు లేక కోనీ తానే నిలువబడగా, ప్రధాన న్యాయాధిపతి రోలు తీర్పు చెప్పలేక, చెప్పకుండలేక, విచారణ వాయిదా వేసి, కొలది దినములకు పదవి వదలెను. న్యాయవాదులు క్షమాపణ చెప్పుకొని వెలికి వచ్చిరి. కోనీ కూడ తుదకు వెనుదీసెను. సంరక్షకత్వము న్యాయబద్ధమా యన్న ప్రశ్నకు ఆ న్యాయస్థానమున ఉత్తరము రానేలేదు. న్యాయవాద వృత్తిలోని మా పాఠకులకు రోలు పడిన సంకటము వేరుగ వివరింప నక్కరలేదు.

ఆ యేడే ఒక చిన్న తిరుగుబాటు జరుగగా దేశమును మండలములుగా చీల్చి సేనానుల క్రింద నుంచెను. రాజపక్షపు భూస్వాముల రాబడిలో పదవవంతు పన్నుగ గైకొనిరి; గుఱ్ఱపు పందెములు మాన్పించిరి, సారాయి కొట్లు మూయించిరి. పన్నుకన్న ఈ పెత్తనమే పల్లెలను ఎక్కువ రోయజేసినది. 1656లో కూడిన సభనుండి దాదాపు నూరుగురిని గుమ్మముకడనే త్రోసివేసిరి. అట్లు వడపోసిన సభ కూడ 1657 జనవరిలో ఆ పన్నును త్రోసిపుచ్చినది.

అప్పు డొక వింత జరిగెను. ఆ సభలోని న్యాయవేత్తలే అతనిని రాజు కమ్మని కోరిరి. స్తోత్రపాఠమని కొందరందురు, మా కట్లు తోపదు. రాజున కెంత యధికారము గలదో, ఎచ్చట నాగవలెనో శతాబ్దుల శాసనములు తేల్చియున్నవి. సంరక్షకుడన్న పేరునకు అట్టి కట్టుబాటు లేదు. కిరీటము పెట్టి అతనికి కళ్ళెము వేయవలెనని వారి యూహ. సైన్యాధికారులు ఒప్పుకొనలేదు, వారములు తరబడి తటపటాయించి 1657 మే 8న అతడు నిరాకరించెను. జూనులో ఊదారంగు వస్త్రము కప్పుకొని, రాజదండము చేబూని, పట్టాభిషేకపు పీఠమున మాత్రము కూర్చుండెను.

ఆ యాగస్టులో లిల్‌బర్ను మరణించెను. 1653లో జ్యూరీ వానిని నిర్దోషియన్నను క్రాంవెలు ప్రభుత్వము విడువక, జెర్సీ ద్వీపమునను డోవరు కోటలోను చెరనుంచెను. తాత్కాలికపు విడుదలలోనే ప్రాణము విడిచెను. 1640లో వానికొరకు సభలో నిలిచిన సభ్యుడు అప్పుడు సంరక్షకపీఠమున నుండెను.

క్రాంవెలు 1658 సెప్టెంబరు 3న గతించెను. కుమారుడు రిచర్డు తొమ్మిది మాసములు నిలువజాలక తొలగెను. 1660 మే నెలలో రెండవ చార్లెసు జయఘోషల నడుమ లండను ప్రవేశించెను. 1661 జనవరి 30న, తండ్రిని చంపిన దినముననే, క్రాంవెలు శవమును త్రవ్వితీసి టైబర్నులో ఉరి వ్రేలాడదీసి, తలను వెస్ట్‌మినిస్టరు హాలుపై గుచ్చిరి. ఆ తల చేతులు మారి మారి, 1960లో అతడు ఒక్క యేడాది చదివిన కళాశాలలో, చోటు వెల్లడింపక పూడ్చబడినది.