మంచుదీవిలో కుట్టుపని

ఉత్తర ధ్రువానికి సాహసయాత్ర అనగానే మనకి గుర్తొచ్చేది గడ్డాల నిండా మంచు పేరుకున్న మగవాళ్ల ఫొటోలే. వాళ్లు తొడుక్కున్న ఆ తోలు కోట్లు ఎవరు కుట్టారో మాత్రం ఎక్కడా రాయరు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ కోట్లు కుట్టడానికి వెళ్లినావిడ గురించి. పేరు అడా బ్లాక్‌జాక్. జీతం నెలకు 50 డాలర్లు. బయల్దేరిన అయిదుగురిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఈవిడ ఒక్కతే!

అడా 1898లో అలాస్కాలో, సాలమన్ అనే ఊరి దగ్గర ఇనూపియాట్ తెగలో పుట్టింది. ఎనిమిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. తల్లి ఆమెను నోమ్ పట్నంలో మిషనరీల బడికి పంపింది. అక్కడ కాస్త ఇంగ్లీషు చదవడం, వంట, కుట్టుపని వచ్చాయి. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. పట్నంలో పెరగడంతో ఆమెకు వేట రాదు, తుపాకీ పట్టడం తెలియదు. పైగా చిన్నప్పుడు విన్న కథల వల్ల తెల్ల ఎలుగుబంటి అంటే చచ్చేంత భయం.

పదహారేళ్లకే పెళ్లయింది. ముగ్గురు పిల్లలు పుడితే ఇద్దరు దక్కలేదు. 1921లో భర్త వదిలేసి పోయాడు. మిగిలిన కొడుకు బెన్నెట్‌కి అయిదేళ్లు, వాడికి క్షయ. వాణ్ణి వెంటబెట్టుకుని నోమ్‌కి దాదాపు 40 మైళ్లు నడిచింది. పిల్లాడు నడవలేనప్పుడల్లా ఎత్తుకుంది. వైద్యానికి డబ్బెక్కడిది? చివరికి బెన్నెట్‌ని అనాథాశ్రమంలో ఉంచాల్సి వచ్చింది. డబ్బు కూడబెట్టి మళ్లీ తెచ్చుకుందామని ఆమె ఆశ.

సరిగ్గా అప్పుడే ఈ ఉద్యోగం వచ్చింది. సైబీరియాకు పైన సముద్రంలో రాంగెల్ అనే దీవి ఉంది. విల్‌యాల్మర్ స్టెఫాన్సన్ అనే పేరున్న అన్వేషకుడు అక్కడ బ్రిటిష్ జెండా పాతించాలనుకున్నాడు. తను వెళ్లలేదు లెండి. నలుగురు యువకుల్ని పంపాడు. వాళ్ల నాయకుడు క్రాఫర్డ్‌కి ఇరవై ఏళ్లు! ఆరు నెలలకు సరిపడా తిండి ఇచ్చి, మిగతాది వేటాడుకోవచ్చన్నాడు. ఉత్తర ధ్రువం మనిషికి స్నేహితురాలని ఆయన నమ్మకం, దాని మీద లావుపాటి పుస్తకం కూడా రాశాడు.

అంత చలిలో బూటు కుట్టు ఒక్కటి ఊడినా కాలి వేళ్లు పోతాయి. అందుకే కుట్టేవాళ్లు కావాల్సొచ్చింది. ఇనూపియాట్ కుటుంబాలు కొన్ని తోడు వస్తాయని మొదట చెప్పారు. తీరా ఓడ ఎక్కే వేళకి ఎవరూ రాలేదు. నలుగురు పరాయి మగవాళ్లతో ఒంటరిగా వెళ్లాలా వద్దా అని అడా తటపటాయించింది. బెన్నెట్ గుర్తొచ్చాడు. 1921 సెప్టెంబరు 9న ఓడెక్కింది. ఆమెకప్పుడు 23 ఏళ్లు. వాళ్లతోపాటు విక్ అని పిలిచే ఓ పిల్లికూన కూడా ఉంది.

మొదటి ఏడాది ఎలాగో గడిచింది. 1922 వేసవిలో రావాల్సిన ఓడ సముద్రంలో మంచు అడ్డం పడి వెనక్కి పోయింది. జంతువులూ సరిగా దొరకలేదు. 1923 జనవరి చివర్లో క్రాఫర్డ్, మారర్, గాల్ అనే ముగ్గురూ కుక్కల బండి కట్టుకుని, గడ్డకట్టిన సముద్రం మీదుగా సైబీరియా వైపు సాయం కోసం బయల్దేరారు. వాళ్లు ఏమయ్యారో ఈనాటికీ తెలియదు.

నాలుగోవాడు నైట్ వెళ్లలేని స్థితిలో ఉన్నాడు. తాజా ఆహారంలోని సి విటమిన్ అందక వచ్చే స్కర్వీ అతన్ని పట్టుకుంది. చిగుళ్లు ఉబ్బి, కాళ్లు నీలమై మంచానపడ్డాడు. ఇక అడానే వంటమనిషి, నర్సు, కట్టెలు కొట్టేది, వేటగత్తె కూడా. ఇసుక కాచి సంచిలో పోసి అతని పాదాల దగ్గర పెట్టేది. అతనేమో నీకు చేతకాదని తిట్టేవాడు. పోయిన పిల్లల ప్రస్తావన తెచ్చి, ఆమెను వదిలేసిన మొగుడిదే న్యాయమనేదాకా వెళ్లాడు. అడా తన డైరీలో వచ్చీరాని ఇంగ్లీషులో రాసుకుంది, నలుగురు మగవాళ్లు చేసే పని ఒక ఆడమనిషి చేయడం ఎంత కష్టమో ఇతను ఆలోచించడే అని. రోగిష్ఠి మామగారికో అత్తగారికో చాకిరీ చేసి మాటలు పడ్డవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అదే డైరీలో ఇంకో సంగతీ రాసింది. తను చనిపోతే బెన్నెట్‌ని చెల్లెలు పెంచుకోవాలట, వాళ్ల నాన్న చేతికి మాత్రం ఇవ్వకూడదట.

భయపడుతూ కూర్చుంటే కుదరదుగా! ఉచ్చులు వేయడం తనకు తానే నేర్చుకుంది. ఎన్నో రోజులు ఖాళీగా తిరిగొచ్చాక ఫిబ్రవరిలో మొదటి తెల్లనక్క పడింది. డబ్బా గురిపెట్టి తుపాకీ సాధన చేసింది. పక్షుల్ని, సీళ్లని కొట్టింది. ఎలుగుబంట్లు దూరం నుంచే కనబడేలా గుడారం మీద ఎత్తుగా మంచె కట్టుకుంది. పొలం కాపలా మంచెలాంటిదే అన్నమాట! మరి రాంగెల్ అంటే మాటలా? ఆడ ఎలుగుబంట్లు మంచులో గుహలు తవ్వుకుని వందల సంఖ్యలో ఈనే చోటది. ఆ జీవజాలం వల్లే 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

జూన్ 23న నైట్ చనిపోయాడు. ఆ తేదీని అడా టైపు మిషను మీద కొట్టి ఉంచింది. శవాన్ని మోసే శక్తి లేదు. నక్కలూ ఎలుగులూ చొరబడకుండా చుట్టూ పెట్టెలు పేర్చి, తను సామాను గుడారంలోకి మారిపోయింది. తర్వాత రెండు నెలలు తనూ, పిల్లీ, అంతే. ఊరికే కూర్చోలేదు. గుడ్లు ఏరుకుంది, బూట్లు కుట్టుకుంది, కొట్టుకొచ్చిన చెక్కలతో పడవ కట్టింది. గాల్ వదిలిన కెమెరాతో తన ఫొటో తానే తీసుకుంది. నాకు బాగా నచ్చింది ఇదే. చూసేవాళ్లే లేనిచోట ఫొటో తీసుకోవాలనిపించడం!

ఆగస్టు 20న హరాల్డ్ నోయిస్ అనే అతని ఓడ వచ్చింది. ఆ ముగ్గురూ ఏరని అడా అడిగింది. వాళ్లు ఇక్కడే ఉంటారనుకుని వచ్చాడతను.

పత్రికలు ఆకాశానికెత్తాయి. దీవి మీద పుస్తకాలొచ్చాయి, వాటి లాభంలో ఆమెకు పైసా రాలేదు. జీతం డబ్బుతో బెన్నెట్‌ని సియాటిల్ తీసుకెళ్లి వైద్యం చేయించింది. అంతలో 1924లో నోయిస్ మాట మార్చాడు. నైట్‌ని సరిగా చూసుకోలేదని, అందుకే పోయాడని పేపరుకెక్కించాడు. ఏం చేస్తాం, అంత చాకిరీ చేశాక ఆ మాట! అండగా నిలిచింది ఎవరో తెలుసా? నైట్ కన్నవాళ్లే. అడాని కలిసి, అంతా స్వయంగా విని, మా అబ్బాయికి ఆమె చేయగలిగిందంతా చేసిందని బహిరంగంగా చెప్పారు.

ఆ తర్వాత అడా పేదరికంలోనే గడిపింది. రెండో కొడుకు పుట్టాడు. అలాస్కా తిరిగొచ్చి రెయిన్‌డీర్‌లు మేపింది. దీవి గురించి అడిగితే ఎక్కువ మాట్లాడేది కాదు. బెన్నెట్ ఆరోగ్యం ఎప్పుడూ అంతంత మాత్రమే, అయినా 1972 దాకా బతికాడు. 1983 మేలో, 85వ ఏట అడా కన్నుమూసింది. యాంకరేజ్‌లో బెన్నెట్ పక్కనే ఆమెను సమాధి చేశారు.